అంబఖండి నుండి మాడిసన్ వరకు

విదేశాలకు వెళ్ళి కీర్తి గడించిన ఆంధ్రుల పేర్లు చెప్పమని మన విద్యార్థులను అడిగితే వైద్యుల పేర్లు, ఇంజనీర్ల పేర్లు, ఇటీవలి కాలంలో పెద్ద పెద్ద కంప్యూటర్ సంస్థల అధిపతుల పేర్లు తడుముకోకుండా చెబుతారు. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే తెలుగు పద్యాన్నీ, తెలుగు పదాన్నీ మాత్రమే వెంటబెట్టుకొని సముద్రాలు దాటి, అమెరికాలోని ఒక మహా విశ్వవిద్యాలయంలో దాదాపు నాలుగు దశాబ్దాలు ఆచార్యపదవి నిర్వహించిన విమర్శకుడొకరు మన ప్రాంతంలోనే పుట్టారనీ, ఆయన పేరు వెల్చేరు నారాయణరావు అనీ చెప్పగల విద్యార్థి తరగతికొక్కడైనా ఉంటాడా అన్నది సందేహమే. ఈ వ్యాసం ఆయన జీవితచరిత్ర కాదు. ఆయన నడచిన దారిని చూసి మన కళాశాలకు సంబంధించిన ఒక విషయాన్ని తేల్చుకోవాలన్నది మా ఉద్దేశం.

ఆ విషయం ఏమిటో ముందే చెప్పడం మర్యాద. ఈ సంచిక సన్నాహాలలో, భాషా సాహిత్య వ్యాసాలకు కేటాయించే పుటలను తగ్గించి, ఉద్యోగాలు పొందిన విద్యార్థుల ఛాయాచిత్రాలకు ఆ పుటలు ఇవ్వాలన్న సూచన వచ్చింది. సూచించినవారి ఉద్దేశం మంచిదే. పిల్లలను చదివించడానికి పొలం తాకట్టు పెట్టిన తండ్రికి ఆ ఛాయాచిత్రం ఎంత విలువైనదో మాకు తెలియకపోలేదు. కాని ఆ సూచన వెనుక, ఉర్దూ గాని తెలుగు గాని మనిషిని ఎక్కడికీ తీసుకుపోలేదన్న ఒక నమ్మకం దాగి ఉంది. ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టకుండా ఒప్పుకోవడం మాకు ఇష్టం లేదు.

నారాయణరావు గారు 1930ల తొలినాళ్ళలో, ఒకప్పటి శ్రీకాకుళం జిల్లాలోని అంబఖండి గ్రామంలో జన్మించారు. ఏలూరులో తెలుగు అధ్యాపకులుగా పనిచేశారు. 1971లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పిలుపుపై మాడిసన్ నగరానికి వెళ్ళారు. శీతకాలంలో గడ్డకట్టే రెండు సరస్సుల నడుమ ఉన్న ఊరది. మన నేల మీద నడిచిన కాళ్ళకు ఆ మంచు ఎంత కొత్తగా తోచి ఉంటుందో ఎవరికి వారు ఊహించుకోవలసిందే. అక్కడ ఆయన కృష్ణదేవరాయల పేరిట ఏర్పడిన ఆచార్యపీఠాన్ని అలంకరించారు. పదవీ విరమణ తరువాత అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో బోధించారు. సముద్రం దాటేనాటికి ఆయనకు నలభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయన్న సంగతి మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. ఆయనలోని విమర్శకుడు మాడిసన్‌లో తయారు కాలేదు. తెలుగు తరగతి గదులలో, పద్యం కంఠస్థం చేసిన పెద్దల మధ్య, వీధి అరుగుల మీద సాగిన సాహిత్యచర్చలలో ఆ విమర్శకుడు అప్పటికే సగానికి పైగా తయారై ఉన్నాడు. 1978లో వెలువడిన ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ తెలుగులో, తెలుగువారి కోసం వ్రాసిన గ్రంథం. కవిత్వంలో ఏ మార్పును విప్లవమనాలి, దేనిని కేవలం కొత్త ఫ్యాషన్ అనాలి అన్న ప్రశ్నను అంత గట్టిగా అడిగిన పుస్తకం మన భాషలో అంతకు ముందు ఎక్కువగా లేదు.

ఆ తరువాత వెలువడిన పుస్తకాల వరుస చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ధూర్జటి కాళహస్తీశ్వర శతకం 1987లో, పాల్కురికి సోమనాథుని బసవపురాణం 1990లో ఆంగ్లంలోకి వెళ్ళాయి. క్షేత్రయ్య మొదలైన పదకర్తల పదాలు 1994లో, పింగళి సూరన కళాపూర్ణోదయం 2002లో, అన్నమయ్య 2005లో, సూరనదే అయిన ప్రభావతీ ప్రద్యుమ్నము 2006లో, గురజాడ కన్యాశుల్కం 2007లో, అల్లసాని పెద్దన మనుచరిత్ర 2015లో వెలుగు చూశాయి. కాలిఫోర్నియా, ప్రిన్స్‌టన్, కొలంబియా, ఆక్స్‌ఫర్డ్, ఇండియానా, హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాల ముద్రణాలయాలు వీటిని ప్రచురించాయి. ఈ పనిలో చాలా భాగం ఆయన ఒంటరిగా చేసినది కాదు. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ ఆచార్యులు డేవిడ్ షుల్మన్ అనేక గ్రంథాలలో ఆయనకు సహరచయిత. హాంక్ హైఫెట్జ్, జీన్ రోఘైర్, ఎ.కె. రామానుజన్, చరిత్రకారులు సంజయ్ సుబ్రహ్మణ్యం ఒక్కొక్క సందర్భంలో జతకలిశారు. ఇద్దరు కూర్చొని ఒక పద్యాన్ని చదవడం, ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పడం, ఇద్దరికీ సమ్మతమయ్యే వాక్యం దొరికేదాకా లేవకపోవడం అన్న పద్ధతి మాకు అన్నిటికంటె విలువైనదిగా కనిపిస్తుంది. దీని ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

మన కళాశాలవారికి మరింత ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉంది. మాడిసన్‌లో నారాయణరావు గారు తెలుగు చెబుతున్న సంవత్సరాలలోనే, అదే విశ్వవిద్యాలయంలో, ఉర్దూ చెప్పినవారు ముహమ్మద్ ఉమర్ మెమన్ గారు. మెమన్ గారు 1939లో అలీగఢ్‌లో జన్మించి, యౌవనంలో కరాచీకి, అక్కడినుండి అమెరికాకు వెళ్ళిన కథకులు, విమర్శకులు, అనువాదకులు. ఇంతిజార్ హుసేన్, లక్నోకు చెందిన నయ్యర్ మసూద్ వంటి వారి కథలను ఆయన ఆంగ్ల పాఠకులకు పరిచయం చేశారు. 1981లో చికాగోలో సి.ఎం. నయీం గారు ప్రారంభించిన ఉర్దూ అధ్యయన వార్షిక పత్రిక తరువాతి కాలంలో మెమన్ గారి సంపాదకత్వంలో మాడిసన్ నుండి వెలువడింది. ఆయన 2018లో కాలధర్మం చెందారు. ఒకే విశ్వవిద్యాలయంలో పెద్దన మనుచరిత్ర పాఠం ఒక గదిలోను, ఉర్దూ కథానిక పాఠం మరొక గదిలోను సాగిన ఆ దృశ్యాన్ని తలచుకుంటే మాకు మన కళాశాల వసారాయే కనిపిస్తుంది. భేదమల్లా ఒక్కటే. అక్కడివారు ఈ రెండు భాషలనూ ప్రపంచం తెలుసుకోవలసిన విద్యలుగా భావించి జీతమిచ్చి చెప్పించారు. మనం వాటిని పరీక్ష గట్టెక్కించే పేపర్లుగా చూస్తున్నాము.

ఇక ఆయన విమర్శలో ఏముంది అన్న ప్రశ్న. విదేశంలో గౌరవం దొరికిందన్నంత మాత్రాన ఎవరినీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఆయన చెప్పిన మాటలు మన ప్రాంతానికి ఎంత దగ్గరగా తగులుతాయో చూద్దాము.

2001లో షుల్మన్, సుబ్రహ్మణ్యం గార్లతో కలిసి ఆయన వెలువరించిన ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ అన్న గ్రంథం 1600 నుండి 1800 వరకు దక్షిణదేశంలో చరిత్ర ఎలా వ్రాయబడింది అన్న విషయాన్ని విచారిస్తుంది. ఆంగ్లేయులు వచ్చేదాకా హిందూదేశీయులకు చరిత్ర వ్రాయడం తెలియదన్న మాట మనం పాఠ్యపుస్తకాలలోనే చదివాము. ఆ మాట నిజం కాదని ఈ గ్రంథం వాదిస్తుంది. ఏ కాలంలో ఏ సాహిత్యరూపం వాడుకలో ఉంటే ఆ రూపంలోనే చరిత్ర వ్రాశారనీ, కావ్యమైనా, కథాగేయమైనా, కరణాల వ్రాతలైనా, దాని అల్లికను బట్టి ఇది పురాణమా, జరిగిన సంగతా అన్నది ఆ కాలపు పాఠకునికి తెలిసిపోయేదనీ వారి సిద్ధాంతం. దీనికి వారు తీసుకున్న ముఖ్యమైన ఉదాహరణలలో ఒకటి మన బొబ్బిలి యుద్ధం. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధాన్ని పెద్దాడ మల్లేశం పేరిట ప్రసిద్ధమైన కథలోను, దిట్టకవి నారాయణకవి ‘రంగరాయ చరిత్రము’లోను, పరదేశీయుల వ్రాతలలోను పక్కపక్కన పెట్టి చదివారు. తంబురా మీద, గుమ్మెట మీద మన తాతలు విన్న కథ విశ్వవిద్యాలయాల చరిత్రకారుల ముందు సాక్ష్యంగా నిలబడింది. జముకుల కథ, బుర్రకథ అంటే పెదవి విరిచే విద్యార్థులు ఈ ఒక్క ప్రకరణమైనా చదవాలని మా కోరిక.

బొబ్బిలి మాట వచ్చింది గనుక ఒక చిన్న పక్కమాట. గోల్కొండ పాదుషాల కాలంలో శ్రీకాకుళం ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ పేరు మనవారందరికీ తెలుసు. శ్రీకాకుళంలోని జామియా మసీదు ఆయన కాలపు కట్టడం. బొబ్బిలి సంస్థాన మూలపురుషుడు తనకు ఆదరువైన ఆ షేర్ ఖాన్ గౌరవార్థం తన కోటకు పెద్దపులి పేరు పెట్టుకున్నాడనీ, బెబ్బులి అన్న మాటే క్రమంగా బొబ్బిలి అయిందనీ ఒక ఐతిహ్యం ఉంది. భాషాశాస్త్రజ్ఞులు దీనిని ఒప్పుకుంటారో లేదో గాని, తమ ఊరి పేరును ఒక ఫారసీ మాటకు తెలుగు అనువాదంగా జనం చెప్పుకోవడంలో ఒక అందముంది. నారాయణరావు గారు నేర్పిన చూపుతో చూస్తే, ఆ ఐతిహ్యం నిజమా అబద్ధమా అని అడగడానికి ముందు, జనం దానిని ఎందుకు నిలుపుకున్నారు అని అడగాలి.

చాటుపద్యాల విషయంలో ఆయన చేసినది సరిగ్గా ఇదే. భువనవిజయంలో అష్టదిగ్గజాలందరూ ఒక్కచోట కూర్చున్నారన్న కథను, భోజరాజు కొలువులో వేరువేరు శతాబ్దాల కవులందరూ కలిసి సమస్యలు పూరించారన్న కథను పండితులు కాలగణన చేసి కట్టుకథలుగా కొట్టివేశారు. 1998లో షుల్మన్‌తో కలిసి వెలువరించిన చాటుపద్యాల గ్రంథంలో నారాయణరావు గారు దానిని మరొక కోణం నుండి చూశారు. ఆ కథలు రాజాస్థానాల చరిత్ర చెప్పడానికి పుట్టలేదు. ఏ కవిని ఎలా చదవాలో, ఎవరి పద్యం ఎవరి పద్యానికి జవాబో, చదువరుల సమాజం తనలో తాను తేల్చుకున్న తీర్పులవి. అనగా మనకు విమర్శ లేదన్న మాట పొరపాటు. విమర్శ ఉంది, అది వ్యాసరూపంలో కాక, నోటినుండి నోటికి పోయే పద్యం రూపంలో ఉంది. ఉర్దూ విద్యార్థులకు దీనిని వివరించనక్కరలేదు. ముషాయిరాలో ఏ షేరుకు ‘వాహ్’ అంటారో, ఏ షేరుకు మౌనం వహిస్తారో, అదే ఒక విమర్శ అని వారికి చిన్ననాటినుండే తెలుసు.

కన్యాశుల్కం సంగతి మరింత సన్నిహితం. 1892లో విజయనగరంలో మొదట ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో విస్తరించి వెలువడిన ఆ నాటకం మీద మన పరీక్షలలో వచ్చే ప్రశ్నకు జవాబు అందరికీ కంఠస్థమే. దురాచారాన్ని ఖండించిన సంఘసంస్కరణ నాటకం, పది మార్కులు. నారాయణరావు గారు తమ అనువాదానికి జతపరచిన వ్యాసంలో ఈ జవాబును కదిలించారు. ఆధునికత అంతా ఆంగ్లవిద్యతో దిగుమతి అయినది కాదనీ, తెలుగుదేశంలో అంతకు ముందే తనదైన ఆధునికత ఒకటి ఉండేదనీ, గురజాడ ఆ రెండవ దారికి చెందినవాడనీ, మధురవాణి ఆ నాగరికతకు ప్రతినిధి కాగా గిరీశం వలస పాలన తయారుచేసిన మనిషనీ ఆయన వాదం. మాకు ఇందులో పూర్తి సమ్మతి లేదు. గురజాడ స్వయంగా మొదటి ముద్రణకు ఆంగ్లంలో వ్రాసిన పీఠికలో, విశాఖపట్నం జిల్లా తీరప్రాంతంలో మూడేళ్ళలో జరిగిన 1,034 శుల్కవివాహాల లెక్క చెప్పారు. అయిదేళ్ళ పిల్లల పెళ్ళిళ్ళు, అంతకంటె పసివాళ్ళ పెళ్ళిళ్ళు ఆ లెక్కలో ఉన్నాయి. ఆ పసిపిల్లలు మన తీరానికి చెందినవారు. అటువంటి పీఠిక వ్రాసిన మనిషికి సంస్కరణ అప్రధానమన్నట్లు ధ్వనించే ఏ వాదాన్నయినా మేము జాగ్రత్తగా తూచి చూడవలసిందే. అయినా, విభేదించడానికి తగిన వాదం ఒకటి మన ముందు నిలబెట్టినందుకు ఆయనకు ఋణపడి ఉన్నాము. పది మార్కుల జవాబుతో ఎవరు విభేదించగలరు!

క్షేత్రయ్య పదాల విషయంలో వచ్చిన వివాదం కూడ ఇటువంటిదే. వేశ్య తన దగ్గరకు వచ్చిన దేవునితో మాట్లాడే ఆ పదాలను జీవాత్మ పరమాత్మల సంయోగంగా వ్యాఖ్యానించడం వాడుక. అనువాదకులు ఆ ముసుగు వేయలేదు. పదంలో ఉన్న శరీరాన్నీ, శృంగారాన్నీ, డబ్బు లెక్కనూ ఉన్నది ఉన్నట్లు చూపారు. ఆత్మపరమైన అర్థం తరువాతివారు తగిలించినదన్నారు. పుస్తకం పేరే ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’. పరదేశీయుల ముందు మన పరువు ఏమవుతుందన్న శంక ఇటువంటి చోట సహజంగా తల ఎత్తుతుంది. పరువు కోసం పదానికి లేని అర్థం కల్పించడం కంటె, ఉన్న అర్థాన్ని ఒప్పుకొని దాని అందాన్ని చూపడమే మర్యాద అని మా అభిప్రాయం. సూఫీ గజళ్ళలోని మద్యాన్ని గురించి ఉర్దూ విభాగంలో ఇటువంటి వాదమే ఉంది. కొందరికి అది మద్యం, కొందరికి అది దైవప్రేమ. రెండూ కలిసి ఉన్నందువల్లనే ఆ షేరు బ్రతికి ఉందని మేము అనుకుంటాము.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక ఒక ఫిర్యాదు కూడ వినిపించక తప్పదు. ఆయన పరిణత వయస్సులో చేసిన కృషిలో సింహభాగం ఆంగ్లంలో ఉంది. బొబ్బిలి కథ గురించి, విజయనగరం నాటకం గురించి, తెలుగు చాటుపద్యం గురించి చెప్పిన ఉత్తమమైన మాటలు చదవాలంటే నరసన్నపేట విద్యార్థి ఆంగ్లగ్రంథాన్ని ఆశ్రయించాలి. అవి చవకగా దొరికేవి కావు. మన బజారు దుకాణాలలో దొరికే ప్రసక్తే లేదు. మన ఇంటి నగను పరాయి ఊరి అద్దాల బీరువాలో పెట్టి, చూడడానికి మనకే టిక్కెట్టు పెట్టినట్లయింది. ఇందులో నారాయణరావు గారి తప్పు ఎంత అని అడిగితే, చాలా తక్కువ అనే చెప్పాలి. ఏ దేశం జీతమిస్తే ఆ దేశపు విద్యార్థులకు చెప్పడం ఉపాధ్యాయుని ధర్మం. ఆ పుస్తకాలలోని వాదాలను తెలుగులోకి తెచ్చుకొని చర్చించవలసిన బాధ్యత మన కళాశాలలది. మనం ఆ పని చేయలేదు.

ఇటువంటి చిక్కు తెలుగువారికి మాత్రమే వచ్చినది కాదు. నైజీరియాకు చెందిన ఒక్వుయి ఎన్వేజర్ జీవితం చూడండి. 1963లో కలబార్ నగరంలో పుట్టిన ఈ ఇగ్బో యువకుడు 1982లో చదువుకోసం అమెరికాకు వచ్చాడు. చదివినది రాజనీతిశాస్త్రం, న్యూయార్కులో మొదట పట్టుకున్నది కవిత్వం. అక్కడి చిత్రశాలలలో ఆఫ్రికా నేటి కళాకారులకు చోటు లేకపోవడం చూసి కళావిమర్శకు పూనుకున్నాడు. 1994లో ఒక పత్రిక ప్రారంభించి దానికి ‘న్కా’ అని పేరు పెట్టాడు. ఇగ్బో భాషలో ఆ మాటకు కళ అని అర్థం. ఆంగ్లంలో వెలువడిన పత్రికకు తన భాష మాటనే శిరస్సు మీద నిలిపాడన్నమాట. 1996లో న్యూయార్కు గుగ్గెన్‌హైమ్ ప్రదర్శనశాలలో ఆఫ్రికా ఛాయాచిత్రకారుల ప్రదర్శన నిర్వహించినవారిలో ఆయన ఒకరు. 2002లో జర్మనీలోని కాసెల్ నగరపు ‘డాక్యుమెంటా’ ప్రదర్శనకు, 2015లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనకు కళాదర్శకుడయ్యాడు. డాక్యుమెంటాకు ఐరోపాకు వెలుపలి వ్యక్తి ఒకరు ఆ పదవికి రావడం అదే మొదలు. 2019లో మ్యూనిక్‌లో, యాభై ఆరేళ్ళు నిండకముందే కన్నుమూశాడు. ఎన్వేజర్ యౌవనారంభంలో వెళ్ళి అక్కడే విమర్శకుడయ్యాడు. నారాయణరావు గారు విమర్శకుడై వెళ్ళారు. ఇద్దరూ కూడ అక్కడివారి మాటలను వల్లించి మెప్పు పొందలేదు. తమ చోటునుండి తెచ్చిన ప్రశ్నను అక్కడివారి ముందు పెట్టి, జవాబు చెప్పక తప్పని పరిస్థితి కల్పించారు.

విదేశం వెళితేగాని విమర్శకుడు కాలేడని దీనికి అర్థం చెప్పకూడదు. గుంటూరు ప్రాంతపు తుమ్మపూడిలో కూర్చొని సంజీవదేవ్ గారు దేశదేశాల చిత్రకళను గురించి వ్రాశారు; యౌవనంలో హిమాలయాలలో రోరిక్ చిత్రకారుని సాన్నిధ్యం చూసి వచ్చి, 1999లో మరణించేవరకు ఆ పల్లెను వదలలేదు. మన శ్రీముఖలింగం దాపున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉంటూనే సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు సమకూర్చారు. చూపు దూరం పోవడానికి మనిషి దూరం పోనక్కరలేదు. కాని పోయినవాడు ఏ సరుకు పట్టుకొని పోయాడన్నది మాత్రం ముఖ్యం.

మరొక విచిత్రం. 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ నారాయణరావు గారిని గౌరవ ఫెలోగా ఎన్నుకున్నది. ఈ గౌరవం భారతపౌరులు కాని సాహిత్యవేత్తలకు ఇచ్చేది. సెనెగల్ దేశపు కవి, ఆ దేశానికి అధ్యక్షుడుగా ఉన్న సెంఘార్ వంటివారి పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. అంబఖండిలో పుట్టి, పెద్దనను, సోమనాథుని, గురజాడను మోసుకొని తిరిగిన మనిషి పరదేశీయుల పట్టికలో మనకు తిరిగి దక్కాడు. నిబంధన నిబంధనే, అకాడమీ చేసినది ఉచితమే. అయినా ఆ వార్త చదివినప్పుడు మాకు సంతోషంతో పాటు గుండెలో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్నట్లయింది.

ఇప్పుడు మన పుటల సంగతి. మన సంచికలో ఉర్దూ భాగం కుడివైపునుండి, తెలుగు భాగం ఎడమవైపునుండి మొదలై, రెండూ పుస్తకం నడుమ కలుసుకుంటాయి. కలుసుకుంటాయని అనడమే గాని, నిజానికి అక్కడ ఒక ఖాళీ కాగితం ఉంటుంది. తెలుగు చదివేవాడు ఆ కాగితం దగ్గర ఆగిపోతాడు, ఉర్దూ చదివేవాడు ఇటువైపు తొంగిచూడడు. ఒకే బెంచీ మీద మూడేళ్ళు కూర్చున్న ఇద్దరు మిత్రులు ఒకరు వ్రాసినది మరొకరు చదవకుండానే కళాశాల వదలి వెళుతున్నారు. ఇంతకు ముందు తరాలు ఇలా లేవు. పిఠాపురం ఉమర్ అలీషా కవి ఖయ్యాం రుబాయీలను తెలుగు చేశారు. దువ్వూరి రామిరెడ్డి గారు ఫారసీ నేర్చుకొని అదే ఖయ్యామును ‘పానశాల’గా తెచ్చారు. దాశరథి గారు గాలిబ్‌ను తెలుగువారి ఇంటి మనిషిని చేశారు. అటునుండి ఇటు వచ్చినంతగా ఇటునుండి అటు పోలేదన్నది నిజం. వేమన, గురజాడ ఉర్దూ విద్యార్థి నోట ఎంత వినిపిస్తున్నారో మన తరగతులలోనే చూడవచ్చు.

2015లో హార్వర్డ్ ముద్రణాలయం మూర్తి గ్రంథమాల పేరిట భారతీయ ప్రాచీన సాహిత్యాన్ని వెలువరించడం ప్రారంభించినప్పుడు, మొదటి అయిదు గ్రంథాలలో నారాయణరావు, షుల్మన్ గార్ల మనుచరిత్ర ఒకటి. దాని ప్రక్కన ఉన్నవి సూరదాసు పదాలు, బౌద్ధ భిక్షుణుల గాథలు, బుల్లేషా సూఫీ గీతాలు, అబుల్ ఫజల్ ఫారసీలో వ్రాసిన అక్బరు చరిత్ర. ఆ గ్రంథమాలలో ఒక పుటలో మూలం దాని సొంత లిపిలో, ఎదుటి పుటలో అనువాదం ఉంటుంది. పెద్దన పద్యం తెలుగు అక్షరాలలోనే అచ్చయింది. ప్రపంచంలోని ఏ గ్రంథాలయంలో ఆ పుస్తకం తెరిచినా మన లిపి కనిపిస్తుంది.

కమిటీ పెద్దలకు మా విజ్ఞప్తి ఇంతే. భాషా వ్యాసాల పుటలు తగ్గించవద్దు. ఛాయాచిత్రాలకు చోటు కావలసి వస్తే, ఏటేటా అచ్చవుతున్న శుభాకాంక్షల పుటలను కుదించవచ్చు. సందేశాలు పంపిన ప్రముఖులు కోపగించుకోరని మా నమ్మకం. సంచిక నడుమ ఉన్న ఆ ఖాళీ కాగితాన్ని తీసివేసి, అక్కడ ఎనిమిది పుటలు ఎదురెదురుగా ఏర్పాటు చేయించండి. ఒక ప్రక్క ఉర్దూ, దాని ఎదుట తెలుగు. ఉర్దూ విద్యార్థి ఒకరు, తెలుగు విద్యార్థి ఒకరు జతగా కూర్చొని, ఒక చిన్న కథనో, నాలుగు పంక్తుల పద్యాన్నో రెండు భాషలలోను సిద్ధం చేయాలి. ఉర్దూ రానివానికి ఉర్దూ వచ్చినవాడు చదివి వినిపించాలి, తెలుగు పద్యంలోని సంధి విడదీసి తెలుగువాడు అతనికి చెప్పాలి. ఇద్దరికీ సమ్మతమైన వాక్యం దొరికిన తరువాతే అచ్చుకు ఇవ్వాలి. ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనుక అన్న తగవు ఉండదు. కుడినుండి చదివేవారికి ఒకరు ముందు, ఎడమనుండి చదివేవారికి మరొకరు ముందు. అచ్చు ఖర్చు పెరగకుండా చూసే పూచీ మాది. రెండు లిపులూ కూర్చగల ముద్రణాలయం విషయమై శ్రీకాకుళంలోను, విశాఖపట్నంలోను మేము విచారిస్తాము. గ్రంథాలయానికి వచ్చే ఏడు కొనే పుస్తకాల పట్టికలో ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’, కన్యాశుల్కం అనువాదం, మనుచరిత్ర, మెమన్ గారి కథానువాదాలలో ఒకటి చేర్చమని ప్రార్థన. జత కుదిరిన విద్యార్థులు ఉగాది లోపల తమ పేర్లు, ఎంచుకున్న రచన పేరు తెలుగు శాఖలో గాని ఉర్దూ శాఖలో గాని తెలియజేయవచ్చు.